స్పోర్ట్స్ బైక్‌పై మలుపు తిరిగేటప్పుడు ఒళ్లు ఎలా ఉంచాలి: పట్టు కాళ్లకు, విడుపు చేతులకు

ఆర్15, ఆర్‌సీ 390, అపాచీ ఆర్‌ఆర్ 310 లాంటి బళ్లు కొన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి రెండే. మోకాలు నేలకు ఎలా ఆనించాలి? ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి లోపలికి తిరగకుండా బయటికి ఎందుకు పోతుంది? రెండింటికీ జవాబు ఒకటే. ఒంటి బరువును కాళ్లు, తొడలు మోయాలి. చేతులు హ్యాండిల్ తిప్పడానికి మాత్రమే ఉండాలి. హ్యాండిల్ పట్టుకుని వేలాడుతున్నంత కాలం మోకాలు ఎంత బయటికి చాపినా బండి కుదురుగా తిరగదు. మోకాలు ఆనడమనేది ట్రాక్ మీద, మిగతావన్నీ కుదిరాక దానంతటదే జరుగుతుంది. రోడ్డు మీద దాని అవసరమే లేదు.

ఒళ్లు పక్కకు ఎందుకు జరపాలి

ఇది నాలుగు ముక్కల్లో చెప్పుకుని పనిలోకి వెళ్దాం. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును గంటకు 60 కి.మీ. వేగంతో తిరగాలంటే బండి, మనిషి కలిసి దాదాపు 30 డిగ్రీలు వంగాలి. అదే మలుపులో 72 కి.మీ. వేగమైతే 39 డిగ్రీలు. ఈ లెక్కను ఎవరూ తప్పించుకోలేరు. మీ బరువును లోపలివైపు, అంటే మలుపు తిరిగే వైపు, జరిపితే మాత్రం అందులో బండి వాటా కొంచెం తగ్గుతుంది. ఆర్15 బరువు సుమారు 142 కిలోలు. దాని మీద 70 కిలోల మనిషి 10 సెం.మీ. పక్కకు జరిగితే బండి ఇంచుమించు 3 డిగ్రీలు తక్కువ వంగితే చాలు. చూడటానికి చిన్న సంఖ్యే. పెగ్ (పాదం పెట్టే కడ్డీ) నేలను గీరే దశలో ఆ 3 డిగ్రీలే మీ చేతిలో మిగిలే జాగా. బండి తేలికైన కొద్దీ ఒంటి కదలిక ప్రభావం పెరుగుతుంది, తప్పు కదలిక ప్రభావం కూడా అంతే.

ముందుగా కావాల్సినవి

మీ ఒంటికి: ఐఎస్ఐ గుర్తున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, అరచేతి దగ్గర గట్టి ప్యాడ్ ఉన్న గ్లోవ్స్, చీలమండ దాటి పైకి వచ్చే బూట్లు, మోచేయి, భుజం, మోకాలి దగ్గర ఆర్మర్ (దెబ్బ ఆపే గట్టి ప్యాడ్) ఉన్న జాకెట్, ప్యాంటు. మామూలు జీన్స్ తారు రోడ్డు మీద జారితే క్షణాల్లో చిరిగిపోతుంది, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. షూ లేసులు లోపలికి దోపండి. గేర్ లివర్‌కు లేసు చుట్టుకుంటే కాలు దించడానికి రాదు.

బండికి ఇవి చూసుకోండి:

- టైర్లలో గాలి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. ఎంత ఉండాలో స్వింగ్ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) మీదో చైన్ గార్డు మీదో స్టిక్కర్ ఉంటుంది, లేదంటే మాన్యువల్‌లో ఉంటుంది. పంక్చర్ షాపులో అలవాటుగా 40 పీఎస్ఐ కొట్టేస్తుంటారు. సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి.
- టైరు వయసు. పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని అర్థం. టైరు మీది గాడులు లోతుగా కనిపిస్తున్నా ఐదేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి ఉంటుంది, దాని మీద ఈ సాధన వద్దు. కొత్త టైరు అయితే మొదటి 150 కి.మీ. నిదానంగా నడిపి, వంపును కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి.
- ట్యాంక్ గ్రిప్‌లు, అంటే ట్యాంకు పక్కల అతికించే గరుకు ప్యాడ్లు. నున్నటి ట్యాంకు మీద ప్యాంటు జారుతుంటే కాళ్లు పట్టు వదిలేస్తాయి, ఆ బరువు చేతుల మీదికి వచ్చేస్తుంది. ఈ జాబితాలో డబ్బు పెట్టి అదనంగా కొనాల్సింది ఒక్కటే ఉంటే, అది ఇదే.
- లివర్ల కోణం. సీటు మీద రైడింగ్ భంగిమలో కూర్చుని వేళ్లు చాపితే ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండి లివర్ మీద పడాలి.
- థ్రోటిల్ ప్లే. ఎక్కువగా వదులుంటే మలుపు మధ్యలో తెరిచినప్పుడు కుదుపు వస్తుంది. 3 నుంచి 5 మి.మీ. వదులు చాలా బళ్లకు సరిపోతుంది.
- స్టీరింగ్ బేరింగ్. ముందు చక్రాన్ని గాల్లోకి లేపించి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నడిమధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టుంటే ముందు మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

సాధనకు ఖాళీ స్థలం కావాలి. కనీసం 40 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న సిమెంటు లేదా తారు మైదానం, అనుమతితో. ముందు చీపురుతో ఇసుక ఊడ్చండి. ఈ చిన్న పని చేయక కింద పడ్డవాళ్లు చాలామంది.

ఆగి ఉన్న బండి మీద పది నిమిషాలు

వెనక చక్రాన్ని పైకి లేపి బండిని నిలబెట్టే ప్యాడక్ స్టాండ్ వేసి, ఒక స్నేహితుడిని ముందు నిలబెట్టి హ్యాండిల్ పట్టుకోమనండి. స్టాండ్ మీద ఉన్న బండిని పక్కకు గుంజితే ఒరిగిపోతుంది, కాబట్టి ఆ మనిషి లేకుండా ఈ పని చేయవద్దు.

మామూలుగా కూర్చోండి. ఇప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీంచి పూర్తిగా తీసేసి, కాళ్ల బలంతోనే ఎడమకు సగం సీటు జరగండి. అక్కడే పది లెక్కపెట్టి తిరిగి మధ్యకు రండి. చాలామందికి మొదటిసారి ఇది కుదరదు, ముందుకు పడిపోతారు. రోడ్డు మీద ఇంతకాలం హ్యాండిల్ ఎంత బరువు మోస్తోందో అప్పుడే తెలుస్తుంది. కుడికీ ఎడమకూ చేతులు తాకకుండా జరగడం వచ్చేవరకు బండి స్టార్ట్ చేయనక్కర్లేదు.

అసలు క్రమం

1. పాదాలు సర్దండి. మలుపు కంటపడగానే పాదాల ముందు భాగం, అంటే వేళ్ల వెనక ఉండే దిమ్మ, పెగ్ మీదికి రావాలి. లోపలి పాదం వేళ్లు కొద్దిగా బయటికి చూడాలి. పాదం మధ్య భాగం పెగ్ మీద ఉంటే బండి వంగినప్పుడు బూటు కొన నేలకు తగులుతుంది. ఎడమ మలుపైతే గేర్లు దించేదాకా ఎడమ పాదాన్ని లివర్ దగ్గరే ఉంచి, పని అయ్యాక వెనక్కి లాక్కోండి.

2. కొంచెం వెనక్కి జరగండి. ట్యాంకుకూ మీ కటికీ మధ్య ఒక పిడికిలి పట్టేంత సందు ఉండాలి. ట్యాంకుకు అతుక్కుని కూర్చుంటే పక్కకు జరిగినప్పుడు నడుము ట్యాంకు చుట్టూ తిరుగుతుంది. పిరుదు లోపలికి పోతుంది, భుజాలు బయటికి చూస్తాయి. పొట్టివాళ్లకు చేతులు పూర్తిగా చాచుకుపోతుంటే సందును సగం పిడికిలికి తగ్గించండి, మోచేతులు వంగి ఉండటం ముఖ్యం.

3. బ్రేక్ పట్టకముందే పక్కకు జరగండి. తొడలతో బరువెత్తి, ఒక పిరుదులో సగం సీటు అంచు దాటేలా జరగండి. మొదట్లో అంతకుమించి వద్దు. నడుము ముందుకే చూడాలి, మెలి తిరగకూడదు. బండి వంగుతుండగా జరిగితే ఆ కదలిక మొత్తం సస్పెన్షన్‌లోకి పోయి బండి ఊగుతుంది. ఈ క్రమంలో ఒక్క దశనే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి: మలుపు మొదలయ్యేసరికి ఒంటి సర్దుబాటు అంతా అయిపోవాలి.

4. బయటి కాలితో తాళం వేయండి. కుడి మలుపులో ఎడమ కాలు, ఎడమ మలుపులో కుడి కాలు. మడమ ఒకటి రెండు అంగుళాలు పైకి లేపండి. పిక్క బిగుసుకుంటుంది, మోకాలు పైకి లేచి ట్యాంకు నొక్కులోకి వెళ్లి ఆగుతుంది. తొడ లోపలి భాగం ట్యాంకుకు గట్టిగా తగులుతుంది. అదీ తాళం. మోకాలితో ట్యాంకును పక్క నుంచి నొక్కడం వేరు, కింద నుంచి పైకి ఇరికించడం వేరు. మొదటిది రెండు మలుపుల్లో అలసిపోతుంది, రెండోది రోజంతా నిలుస్తుంది. బ్రేకు వదిలాక లోపలి కాలు వదులుగా, మోకాలు దానంతటది తెరుచుకున్నంత వరకు తెరిచి ఉంచండి. దాన్ని బయటికి తోయకండి.

5. బండి నిటారుగా ఉండగానే బ్రేకులు, గేర్లు. ముందు బ్రేకును రెండు వేళ్లతో క్రమంగా బిగిస్తూ పట్టండి, ఒక్కసారిగా లాగకండి. ఈ సమయంలో రెండు మోకాళ్లూ ట్యాంకును పట్టుకోవాలి, లేదంటే ఒళ్లు ముందుకు జారి చేతుల మీద పడుతుంది. గేర్లు ఒక్కొక్కటిగా దించండి. స్లిప్పర్ క్లచ్ (గేర్లు దించినప్పుడు వెనక చక్రానికి తగిలే కుదుపును తగ్గించే క్లచ్) ఉన్న బండి అయినా మూడు గేర్లు ఒకేసారి దించి క్లచ్ వదలకండి. కొత్తవాళ్లు మలుపులోకి దిగేముందే బ్రేక్ పూర్తిగా వదిలేయాలి. వదలడం కూడా మెల్లగానే. టపీమని వదిలితే ముందు ఫోర్క్ పైకి లేచి బండి వంగడానికి మొరాయిస్తుంది. బ్రేకును కొద్దిగా పట్టి ఉంచి మలుపులోకి దిగే ట్రెయిల్ బ్రేకింగ్ మంచి విద్యే, కానీ దాన్ని ట్రాక్ మీద, నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

6. తల, భుజం లోపలికి. లోపలి భుజాన్ని కిందికి, ముందుకు దించండి. గడ్డం లోపలి చేతి మణికట్టు పైకి వచ్చేలా, తల లోపలివైపు అద్దం దిశగా వెళ్లాలి. బయటి చేయి ముంజేయి ట్యాంకు మీద ఆనుకోవచ్చు. లోపలి మోచేయి వంగి నేలవైపు చూడాలి. ఛాతీ దించకుండా తల ఒక్కటే వంచితే మెడ నొప్పి తప్ప ఫలితం ఉండదు.

7. చూపు. బండిని మలుపులోకి తిప్పాల్సిన చోటును ముందే ఎంచుకోండి. తిప్పడం మొదలుపెట్టే క్షణానికి చూపు మలుపు లోపలి అంచుకు, బండి అక్కడికి చేరేసరికి బయటికొచ్చే దారికి వెళ్లిపోవాలి. చక్రం ముందు పది అడుగులు చూస్తే వేగం ఎక్కువగా అనిపిస్తుంది, అకారణంగా భయం వేస్తుంది.

8. లోపలి హ్యాండిల్‌ను ముందుకు తోయండి. కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను, ఎడమకు తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను, అరచేతి మడమతో ముందుకు. కిందికి కాదు, ముందుకు. నడక వేగం దాటిన ఏ ద్విచక్ర వాహనమైనా వంగేది ఇలాగే. ఒళ్లు వంచితే బండి వంగుతుందనుకోవడం పొరపాటు. ఒకసారి తోసి, కావాల్సిన వంపు రాగానే చేతిని వదులు చేయండి. బండి ఆ వంపును తానే నిలుపుకుంటుంది.

9. థ్రోటిల్. బండి దారిలో పడగానే, వేగం తగ్గకుండా ఉండేంత కొద్దిగా తెరవండి. అక్కడి నుంచి బయటికొచ్చేవరకు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడమే. మధ్యలో మూసి తెరిచి, మూసి తెరిచి చేస్తే బరువు ముందుకూ వెనక్కూ ఊగి టైర్లకు పట్టు దొరకదు. లోపలి చేతిని స్క్రూడ్రైవర్ పట్టుకున్నట్టు కొద్దిగా ఏటవాలుగా పెట్టుకుంటే మోచేయి వంగి ఉండగానే థ్రోటిల్ తిప్పడం కుదురుతుంది.

10. బయటికి. ముందు బండిని లేపండి, తర్వాత మీరు లేవండి. బయటి హ్యాండిల్‌ను కొద్దిగా తోస్తే బండి నిటారవుతుంది. మీ ఒళ్లు అప్పటికీ లోపలివైపే ఉండాలి. బండి నిలబడ్డాకే సీటు మధ్యకు రండి.

గుండ్రంగా తిరిగే సాధన

మైదానంలో 12 మీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీయండి. మధ్యలో ఒక మనిషి తాడు పట్టుకుని నిలబడితే రెండో మనిషి ముగ్గుపిండితో గీత వేసేయొచ్చు. రెండో గేరులో, స్పీడోమీటర్ 20 దగ్గర ఉంచి ఆ గీత మీద తిరగండి. వంపు 15 డిగ్రీల దాకా ఉంటుంది. 25కు పెంచితే 22 డిగ్రీలు, 30కి 30 డిగ్రీలు. 30 దాటవద్దు, దానికి ఈ స్థలం చాలదు.

ఒక వైపు ఐదు చుట్లు, తర్వాత రెండో వైపు ఐదు. ప్రతి వేగంలోనూ ముందు ఒళ్లు కదపకుండా, తర్వాత పై ఒళ్లు మాత్రం వంచి, చివరికి సగం పిరుదు జరిపి తిరగండి. అదే వేగంలో, అదే గీత మీద బండి వంపు తగ్గడం కంటికే కనిపిస్తుంది. దాదాపు అందరికీ ఒక వైపు సులువుగా, ఇంకో వైపు మొండిగా ఉంటుంది. మొండి వైపుకు రెట్టింపు సమయం ఇవ్వండి. కొన్ని చుట్ల తర్వాత తల తిరుగుతుంటే మీ చూపు చక్రం దగ్గరే ఉందని లెక్క, గీత మీద పావు చుట్టు ముందుకు చూడండి.

రోడ్డు మీద, ఘాట్‌లలో

ఇక్కడ నియమాలు మారిపోతాయి. రోడ్డు మీద పిరుదు జరపవద్దు. పై ఒళ్లు లోపలికి వంచి, బయటి కాలు బిగించి, మిగతా క్రమం అలాగే పాటిస్తే చాలు. మీకు చేతనైన వేగంలో మూడో వంతు ఎప్పుడూ మిగుల్చుకోండి.

మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి రెండు రకాల మలుపుల ప్రమాదాలు వేరు. కుడి మలుపులో టైర్లు మధ్యగీతకు ఇవతలే ఉన్నా, వంగిన మీ తల, భుజం గీత దాటి అవతలి లేన్‌లో ఉంటాయి. ఎదురుగా వచ్చే లారీ అద్దం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. కాబట్టి కుడి మలుపులో మధ్యగీతకు కనీసం ఒక మీటరు ఎడమగా ఉండండి. ఎడమ మలుపులో వేగం ఎక్కువైతే బండి ఎదురు లేన్‌లోకి పోతుంది, పైగా లోపలి అంచున కంకర, ఆకులు పేరుకుని ఉంటాయి. అందుకని ఎడమ మలుపులోకి లేన్ కుడి భాగం నుంచి, మధ్యగీతకు జాగా ఉంచుకుని, వీలైనంత ఆలస్యంగా దిగండి. ఆలస్యంగా దిగితే ముందు ఏముందో కనిపిస్తుంది, బయటికొచ్చేటప్పుడు చోటు మిగులుతుంది.

వేగం ఎంతో తేల్చేది కనుచూపు. రోడ్డు రెండు అంచులూ కలిసినట్టు కనిపించే బిందువును గమనించండి. అది మీకు దూరంగా జరుగుతుంటే మలుపు తెరుచుకుంటోంది. మీ మీదికి వస్తుంటే మలుపు బిగుస్తోంది, వేగం తగ్గించాలి. గంటకు 60 కి.మీ. వేగంలో, పొడి రోడ్డు మీద, స్పందించే ఒక సెకనుతో కలిపి ఆగడానికి 35 నుంచి 40 మీటర్లు పడుతుంది. అంత దూరం కనపడని మలుపులో 60 ఎక్కువ.

మన రోడ్ల సంగతులు కొన్ని ప్రత్యేకంగా చెప్పాలి. మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్‌లో చెట్ల నీడ దట్టం, వాన వెలిసి ఎండ కాసినా మలుపుల్లో తడి అలాగే ఉంటుంది. మన్ననూరు, దోర్నాల మధ్య నల్లమలలో జనం తిండి పడేసే మలుపుల దగ్గర కోతులు రోడ్డు మీదే కూర్చుంటాయి. లంబసింగి, అరకు వైపు చలికాలం పొద్దున్నే మంచుకు తారు చెమర్చి ఉంటుంది, టైర్లు కూడా చల్లగా ఉంటాయి. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, వాటి మీద వంగిన టైరు గోళీల మీద కాలు పెట్టినట్టే జారుతుంది. హెయిర్‌పిన్ మలుపుల్లో నిండు ట్యాంకుతో ఎక్కే లారీల నుంచి డీజిల్ ఒలుకుతుంది. వాసన తగిలితే వెంటనే బండిని నిటారుగా చేసి వేగం తగ్గించండి. ఆర్టీసీ బస్సులు హెయిర్‌పిన్‌లో తిరగాలంటే రోడ్డు మొత్తం కావాలి. అది డ్రైవర్ తప్పు కాదు, బస్సు పొడవు అంత. హారన్ వినిపిస్తే మలుపుకు ముందే ఆగి దారివ్వండి. వానలో తెల్ల గీతల మీద వంగవద్దు.

ఎక్కువగా జరిగే తప్పులు

*పిరుదు లోపల, తల బయట.* ఫోటోల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. కింది భాగం లోపలికి వేలాడుతుంటుంది, తల మాత్రం ట్యాంకు అవతలే ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, జరిగిన లాభం సున్నా. కారణం దాదాపు ఎప్పుడూ ట్యాంకుకు అతుక్కుని కూర్చోవడమే. రెండో దశకు తిరిగి వెళ్లండి. కొన్నాళ్లు పిరుదు సంగతే మర్చిపోయి తల, భుజం ముందు పెట్టడం నేర్చుకోవడం ఇంకా మంచి మార్గం.

*లోపలి హ్యాండిల్ మీద వేలాడటం.* బండి గజిబిజిగా ఊగుతుంది, చిన్న గతుకులకే హ్యాండిల్ కొట్టుకుంటుంది. చాలామంది వెంటనే సస్పెన్షన్‌నో టైర్లనో అనుమానిస్తారు. ముందు బయటి కాలి తాళం చూసుకోండి. దాని పట్టు వదిలిన క్షణమే చేతులు బరువెత్తుకుంటాయి.

*తొందరపడి తిప్పడం.* మలుపు మొదట్లోనే లోపలి అంచుకు చేరితే చివర్లో రోడ్డు అయిపోతుంది. దీని గుర్తు: బయటికొచ్చే చోట థ్రోటిల్ తెరవాల్సింది పోయి మూయాల్సి వస్తోంది. వేగం ఎక్కువైందనుకుని తగ్గించుకుంటారు, అయినా అదే జరుగుతుంది. రెండు మూడు బండి పొడవులు ముందుకు వెళ్లాక, అంటే కొంచెం ఆలస్యంగా, తిప్పి చూడండి.

*మలుపులో హ్యాండిల్‌ను ముక్కలు ముక్కలుగా తిప్పడం.* కొంచెం వంచి, చాలక ఇంకొంచెం, మళ్లీ ఇంకొంచెం. తోపు మెత్తగా ఉందని అర్థం. మైదానంలో ఒకే తోపుతో 20 డిగ్రీలు తెచ్చుకునేదాకా అభ్యాసం చేయండి.

*మోకాలిని బలవంతంగా చాపడం.* నేలను వెతుక్కుంటూ లోపలి కాలు తోస్తే బయటి కాలి పట్టు ఊడుతుంది, నడుము మెలి పడుతుంది.

*గుంటను చూస్తూ గుంటలో పడటం.* చూపు ఎక్కడుంటే బండి అక్కడికి పోతుంది. రాయిని కాదు, రాయి పక్కన ఖాళీని చూడండి.

మలుపు మధ్యలో వేగం ఎక్కువైందనిపిస్తే

సహజంగా థ్రోటిల్ మూసి బ్రేక్ పట్టాలనిపిస్తుంది. ముందు బ్రేక్ గట్టిగా పట్టగానే బండి నిటారై నేరుగా బయటికి దూసుకుపోతుంది, లేదా ముందు టైరు జారిపోతుంది. అలా చేయకుండా థ్రోటిల్‌ను ఉన్నచోటే నిలిపి, చూపును బలవంతంగా మలుపు చివరికి మళ్లించి, లోపలి హ్యాండిల్‌ను ఇంకొంచెం తోయండి. తల ఇంకా కిందికి దించండి. పొడి రోడ్డు మీద, బాగున్న టైర్లతో బండి వంగగలిగేది మీరు వంచే దానికంటే సాధారణంగా చాలా ఎక్కువే. నిజంగానే ఎదురుగా ఏదో ఉండి ఆగక తప్పకపోతే, జాగా ఉన్నంతలో ముందు బండిని నిటారు చేసి, తర్వాత గట్టిగా బ్రేక్ పట్టండి. నిటారు చేసే జాగా లేకపోతే రెండు బ్రేకులూ మెత్తగా మొదలుపెట్టి, బండి లేచే కొద్దీ బిగించండి.

సరిగ్గా చేస్తున్నారో లేదో చూసుకోవడం

రెక్కల పరీక్షతో మొదలుపెట్టండి. వృత్తం మీద, స్థిరమైన వంపులో ఉన్నప్పుడు రెండు మోచేతులనూ కోడి రెక్కల్లా ఆడించండి. బండి దారి మారకపోతే చేతులు వదులుగా ఉన్నట్టు. కొద్దిగా తొణికినా హ్యాండిల్ మీద బరువుంది.

తర్వాత వీడియో. ఫోన్‌ను ట్రైపాడ్ మీద, వృత్తం బయట నడుము ఎత్తులో పెట్టి, మీరు ఎదురొచ్చేటప్పుడు, దూరమయ్యేటప్పుడు తీయండి. ఎదురుగా చూసినప్పుడు తల బండి మధ్యగీతకు లోపలివైపు ఉండాలి. వెనక నుంచి చూసినప్పుడు వెన్నెముక బండికి సమాంతరంగా గానీ, దానికంటే లోపలికి గానీ వంగి కనిపించాలి. బయటికి వంగి కనిపిస్తే మొదటి తప్పు ఇంకా ఉంది. స్లో మోషన్‌లో పెట్టి, పిరుదు జరిగిన క్షణం ఏది, బండి వంగడం మొదలైన క్షణం ఏది అని చూడండి. మొదటిది ముందు రావాలి.

నొప్పులు కూడా సాక్ష్యమే. సాధన మర్నాడు తొడలు, పిక్కలు పట్టేస్తే మంచిది. మణికట్లు, అరచేతులు, భుజాలు నొప్పెడితే చేతులతో మోశారన్నమాట. టైరు అంచున అరగకుండా మిగిలిన పట్టీని చూసి మీ నైపుణ్యాన్ని కొలుచుకోకండి. ఒళ్లు బాగా జరిపి, బండిని తక్కువ వంచినవాడికి ఆ పట్టీ ఎక్కువే మిగులుతుంది.

ట్రాక్‌కు ఎప్పుడు వెళ్లాలి

వృత్తం మీద రెండు వైపులా 30 కి.మీ. వేగంలో రెక్కల పరీక్ష పాసైతే వెళ్లొచ్చు. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవాళ్లకు చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న 3.7 కి.మీ. మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అనుకూలం. అక్కడ ట్రాక్ డేలు (సొంత బండితో ట్రాక్ మీద నడపనిచ్చే రోజులు), రైడింగ్ స్కూళ్లు నడుస్తుంటాయి. లెదర్ సూట్, నీ-స్లైడర్ల (నేలకు ఆనేలా మోకాలికి తగిలించుకునే ప్లాస్టిక్ దిమ్మలు) అవసరం అప్పుడే. ఎదురొచ్చే బండి ఉండదు, కంకర ఉండదు, అదే మలుపు రోజంతా మళ్లీ మళ్లీ వస్తుంది. పిరుదు పూర్తిగా జరపడం, ట్రెయిల్ బ్రేకింగ్, మోకాలు ఆనించడం, అన్నీ అక్కడే. మొదటి సెషన్‌లో బ్రేకులు దాదాపు వాడకుండా, ఒకే గేరులో తిరగండి. తిప్పే చోటు, లోపలి అంచు, బయటికొచ్చే చోటు ప్రతి మలుపుకూ గుర్తుపెట్టుకోవడానికే ఆ సెషన్.

ఒక సెషన్ 15 నుంచి 20 నిమిషాలు. ఎండలో లెదర్ సూట్‌తో అంతకంటే ఎక్కువసేపు తిరిగితే తొడలు వణకడం మొదలవుతుంది. వణుకు తెలిసిన వెంటనే చేయెత్తి పిట్‌లోకి (ట్రాక్ పక్కన బళ్లు ఆపే చోటికి) వచ్చేయండి. కాళ్లు అలిసిపోయాక బరువు చేతుల మీదికి వస్తుంది, తర్వాతి మలుపుల్లో పాత తప్పులన్నీ వరసగా తిరిగొస్తాయి. నీళ్లు తాగి, పావుగంట నీడలో కూర్చుని, టైరు ప్రెజర్ మళ్లీ చూసుకుని బయల్దేరండి.